ఫస్టాఫ్‌కు జై, సెకండాఫ్‌కు నై: ‘ది ఫస్ట్ అవెంజర్’ దగ్గర ప్రేక్షకులు ఎందుకు చీలిపోయారు

‘క్యాప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్’ 2011 జులై 22న అమెరికాలో విడుదలైంది. అప్పటి నుంచి ఈ సినిమా గురించి ఎక్కువగా వినిపించే మాట ఒకటే: ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ పరుగెత్తింది. నచ్చినవాళ్లూ ఇదే అంటారు, నచ్చనివాళ్లూ ఇదే అంటారు. ఏ సగానికి ఎక్కువ మార్కులు వేశారన్నదే తేడా. అభిప్రాయాలు ఇలా ఒకేచోట విరగడం యాదృచ్ఛికం కాదు. 1943 నాటి అమెరికా కథను ముందుకు తోసినంతసేపు జనం సినిమాతో ఉన్నారు. ఆ కాలం వెనకాల వేలాడే పరదాగా మారిన దగ్గర్నుంచి పక్కచూపులు మొదలయ్యాయి. పాతకాలంలో నడిచే ఏ సూపర్‌హీరో తొలికథకైనా ఇదే అసలు పరీక్ష. ఈ సినిమా సగం పాసై, సగం తప్పింది.

ముందు అంకెల సంగతి. విడుదల రోజు హాల్లోని ప్రేక్షకులకు కార్డులిచ్చి గ్రేడు వేయించే సినిమాస్కోర్‌లో దీనికి ‘ఎ మైనస్’ వచ్చింది. రాటెన్ టొమాటోస్‌లో విమర్శకుల లెక్క 80 శాతం దరిదాపుల్లో ఉంది. సినిమా ప్రేక్షకులు ఓట్లేసే ఐఎండీబీ సైటులో పదికి 7 కన్నా కాస్త తక్కువ. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవని చాలామంది వాదించుకుంటారు కానీ, నిజానికి మూడూ కొలిచేవి మూడు వేరువేరు సంగతులు. సినిమాస్కోర్ తొలిరోజే టికెట్ కొనేంత ఆసక్తి ఉన్నవాళ్ల మాట. సూపర్‌హీరో సినిమాలకు అక్కడ ‘ఎ’ వర్గం గ్రేడు రావడం మామూలే. రాటెన్ టొమాటోస్ శాతం సగటు మార్కు కాదు, మొత్తమ్మీద బాగుందన్న సమీక్షల వాటా మాత్రమే. పదిమందిలో ఎనిమిదిమంది ‘పర్లేదు’ అన్నా 80 శాతమే, ‘అద్భుతం’ అన్నా 80 శాతమే. ఐఎండీబీ మాత్రం ఏళ్ల తరబడి వచ్చిపడే ఓట్ల సగటు. మూడూ కలిపి చదివితే తేలేది ఇదీ: దీన్ని తిట్టినవాళ్లు తక్కువ, నెత్తిన పెట్టుకున్నవాళ్లూ తక్కువే.

వసూళ్లూ అదే చెబుతాయి. సుమారు 14 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 37 కోట్లు వచ్చాయి. అదే ఏడాది వచ్చిన ‘థోర్’కు దాదాపు 45 కోట్లు. ఇదే హీరో రెండో సినిమా ‘ది వింటర్ సోల్జర్’ 2014లో 71 కోట్లు దాటింది. మొదటి సినిమాకు బయటిదేశాల్లో పేరు కూడా అడ్డమవుతుందని పంపిణీదారులు ముందే జంకారు. రష్యా, ఉక్రెయిన్, దక్షిణ కొరియాల్లో ‘క్యాప్టెన్ అమెరికా’ అన్న మాట తీసేసి ‘ది ఫస్ట్ అవెంజర్’గానే విడుదల చేశారు. ఒంటికి జెండా చుట్టుకున్న హీరో అంటే దేశభక్తి ఉపన్యాసం తప్పదన్న అనుమానంతోనే చాలామంది సినిమాకు వెళ్లారు. అది ఎలా తొలగిందన్నది ఫస్టాఫ్ విజయానికి కీలకం.

ఆ పని మొదలయ్యేది తర్వాత క్యాప్టెన్ అమెరికాగా మారే బక్కపలచని కుర్రాడు స్టీవ్ రోజర్స్‌తో. ఆ పాత్ర వేసిన క్రిస్ ఎవాన్స్ శరీరాన్ని కుదించి చూపించడం ఆనాటికి పెద్ద సాహసం. లోలా అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ దాదాపు 250 షాట్లలో ఈ పని చేసింది. ఒక్కో సన్నివేశాన్ని నాలుగు విధాలుగా తీశారు. మొదట ఎవాన్స్ తోటి నటులతో కలిసి మామూలుగా నటించాడు. తర్వాత గ్రీన్ స్క్రీన్ ముందు ఒంటరిగా. ఆ తర్వాత అతను లేకుండా మిగతావాళ్లు. చివరికి సన్నగా ఉండే లియాండర్ డీనీ అనే నటుడు అవే కదలికలు చేశాడు. ఎక్కువ షాట్లలో ఎవాన్స్ ఒంటినే కంప్యూటర్‌లో సన్నం చేశారు. డీనీ శరీరానికి ఎవాన్స్ ముఖం అతికించింది కొద్ది షాట్లలోనే. భుజాలు కుదిస్తే వాటి వెనక ఉన్న గోడ, మనిషి, కిటికీ కొత్తగా బయటపడతాయి. ఆ ఖాళీ నింపడానికే హీరో లేని షాట్ అవసరమైంది. ఎవరైనా అతని భుజమ్మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి కూడా జరగాలి. అన్నిటికన్నా ఇబ్బంది చూపుల దగ్గర. ఎదుటివాళ్లు ఎవాన్స్ కళ్లలోకి చూస్తే, కుదించాక వాళ్లు అతని నెత్తిమీది గాలితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకే ఎవరు ఎంత ఎత్తున చూడాలో ముందే కొలుచుకుని తీశారు. ఇంత చేసినా కొన్నిచోట్ల తల పెద్దదిగా, మెడ సన్నగా అతుకు కనబడుతుందన్న ఫిర్యాదు ఉంది, అది నిజమే. ఆ బక్క ఒంట్లోంచి అంత గట్టి గొంతు రావడం నప్పలేదన్నవాళ్లూ ఉన్నారు. అయినా ఎక్కువమంది ఆ పిల్లవాణ్ని నమ్మారంటే కారణం సాంకేతికత ఒక్కటే కాదు.

స్టీవ్ బాధ 1943లోనే పుట్టగలిగిన బాధ. ఆనాటి అమెరికాలో నిర్బంధ సైనిక సేవకు పిలుపొస్తే వైద్యపరీక్ష ఉండేది. పనికిరానివాళ్లకు ‘4-ఎఫ్’ ముద్ర పడేది. వీధిలో ప్రతి కుర్రాడూ యూనిఫాం వేసుకున్న రోజుల్లో ఆ ముద్ర ఊరట కాదు, తలవంపు. ఆస్తమా మొదలు బోలెడు జబ్బుల చిట్టా ఉన్న స్టీవ్ ప్రతిసారీ వేరే ఊరి పేరు రాసి మళ్లీ వరసలో నిలబడతాడు. దరఖాస్తులో అబద్ధం రాయడం నేరమని తెలిసే చేస్తాడు. నేస్తం బకీ మాత్రం 107వ దళంలో సార్జెంటుగా బయల్దేరుతున్నాడు. బలం కావాలన్న కోరిక అన్ని సూపర్‌హీరో కథల్లోనూ ఉంటుంది. ఇక్కడ దానికి తేదీ ఉంది, కాగితం ఉంది, ఆ కాగితం మీద రబ్బరు స్టాంపు ఉంది. ‘హీరోకు పవర్స్ రాకముందే నచ్చేశాడు’ అనే ప్రేక్షకులు మెచ్చుకుంటున్నది సరిగ్గా దీన్నే.

శిక్షణ శిబిరంలోని రెండు చిన్న ఘట్టాలను దాదాపు అందరూ గుర్తుపెట్టుకున్నారు. పరుగు మధ్యలో ఒక జెండా స్తంభం. పైకెక్కి జెండా తెచ్చినవాడికి జీపులో తిరుగు ప్రయాణం అంటాడు సార్జెంటు. పదిహేడేళ్లుగా ఎవరివల్లా కాలేదట. కండలున్నవాళ్లంతా ఎగబాకి జారిపడ్డాక, స్టీవ్ స్తంభం మొదట్లో ఉన్న శీల లాగేస్తాడు. స్తంభమే నేల మీద పడుతుంది, జెండా విప్పుకుని జీపెక్కుతాడు. మాట తక్కువ, పని ఎక్కువ. రెండోది ఉత్తుత్తి గ్రెనేడ్ ఘట్టం. కల్నల్ ఫిలిప్స్ దాన్ని విసరగానే అందరూ చెల్లాచెదురవుతారు, స్టీవ్ మాత్రం దానిమీద బోర్లా పడతాడు. మొదటి దృశ్యం తెలివికి, రెండోది తెగువకు. మామూలు మనిషిని మహాబలుణ్ని చేసే సీరం ఎక్కించడానికి ఇతన్నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు, ఆ సీరం కనిపెట్టిన డాక్టర్ ఎర్స్‌కిన్ ఎంత వివరించినా ఈ రెండిటంత బలంగా చెప్పలేకపోయేవాడు.

డాలు విషయంలో చేసిన పని ఇంకా నేర్పైనది. రెండోసారి చూసినప్పుడు గానీ చాలామంది దీన్ని పట్టుకోలేదు. సందులో తన్నులు తింటూ స్టీవ్ మొదట అడ్డం పెట్టుకునేది చెత్తడబ్బా మూత. సీరం ఎక్కాక, ఎర్స్‌కిన్‌ను చంపిన హంతకుణ్ని తరుముతూ పట్టుకునేది ఊడిన టాక్సీ తలుపు, దానిమీద చుక్క గుర్తు. మూడోది స్టేజీ మీది మూడుమూలల డాలు. దాని వెనక పక్క కాగితం అంటించుకుని, అందులో చూసి డైలాగులు చెబుతుంటాడు. గుండ్రటి అసలు డాలు నాలుగోది. కామిక్స్‌లోనూ డాలు ఇలాగే మారింది. జో సైమన్, జాక్ కిర్బీ సృష్టించిన తొలి సంచిక 1941 మార్చి తేదీతో వచ్చింది. అందులో మూడుమూలల డాలే ఉంది. మరో ప్రచురణ సంస్థ హీరోను పోలి ఉందన్న గొడవతో రెండో సంచిక నుంచి గుండ్రం చేశారు. ఆ తొలి సంచిక అట్టమీదే హీరో హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. పెర్ల్ హార్బర్ మీద దాడి 1941 డిసెంబరు 7న గానీ జరగలేదు.

ఆ గుద్దునే దర్శకుడు జో జాన్‌స్టన్ స్టేజీ నాటకంగా మార్చాడు. సైన్యం ఇతన్ని యుద్ధానికి పంపకుండా బాండ్లు అమ్మే ప్రదర్శనలకు పంపుతుంది. ఆనాటి ‘ఇ’ సిరీస్ యుద్ధ బాండు 18.75 డాలర్లకు కొంటే పదేళ్లకు 25 డాలర్లయ్యేది. వీటిని జనంతో కొనిపించడానికి సినిమా తారలు ఊరూరా తిరిగింది వాస్తవ చరిత్ర. ఊరూరా నాట్యగత్తెల మధ్య నిలబడి, హిట్లర్ వేషగాణ్ని గుద్ది, పసిపిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగుతాడు మన వీరుడు. పాటకు బాణీ కట్టింది ఆలన్ మెంకెన్, వినగానే ఆ కాలపు స్టేజీ పాటే అనిపిస్తుంది. తర్వాత ఇటలీలో అదే వేషంతో నిజమైన సైనికుల ముందుకు వెళ్తే వాళ్లు గేలి చేసి తరిమేస్తారు. ‘దేశభక్తి డబ్బా కొడుతుందనుకుంటే డబ్బానే వెక్కిరించింది’ అన్న మెప్పు ఇక్కడినుంచే వచ్చింది. ఈ పది నిమిషాలే సినిమాలో అన్నిటికన్నా పదునైనవి. ఇంతకన్నా బాగా ఇందులో మరేదీ పండలేదు.

ఆ తర్వాతే జారుడు. శత్రువు చెరలో ఉన్న 107వ దళాన్ని స్టీవ్ ఒంటరిగా వెళ్లి విడిపించుకొస్తాడు. అక్కడినుంచి యుద్ధంలో చాలా భాగం ఒక మాంటేజ్‌లో, అంటే చకచకా మారే చిన్న దృశ్యాల వరసలో, అయిపోతుంది: పేలుళ్లు, మోటార్‌సైకిలు, పటం మీద గుర్తులు. నార్మండీ లేదు, పట్టణాలు లేవు, పౌరులు దాదాపు లేరు. శత్రువు కూడా జర్మనీ కాదు. హిట్లర్‌ను పక్కకు నెట్టేసిన రెడ్ స్కల్, అతని హైడ్రా సేన. వాళ్ల చేతుల్లో టెసరాక్ట్ అనే మహిమగల ఘనం శక్తితో పనిచేసే నీలికాంతి తుపాకులు. ఇందుకు రెండు కారణాలు కనబడతాయి. పిల్లలు కూడా చూడగలిగే పీజీ-13 రేటింగు కావాలంటే నెత్తురు పారకూడదు, కాంతి తగిలిన మనిషి మాయమైతే నెత్తురు సమస్య ఉండదు. రెండోది, 2012లో రాబోయే ‘ది అవెంజర్స్’కు టెసరాక్ట్ ఇక్కడ పరిచయం కావాలి. రెండూ వ్యాపారానికి సబబే. కానీ నాజీలను కథలోంచి తప్పించగానే 1943 అవసరమూ తప్పిపోయింది. అదే కర్మాగారం, అదే ముసుగు సేన, అదే నీలి వెలుతురు ఏ దశాబ్దంలో పెట్టినా సరిపోతాయి. ‘యాక్షన్ బోర్ కొట్టింది’ అన్న ప్రేక్షకుడి ఫిర్యాదు నిజానికి ఫైట్ల మీద కాదు, ఆ ఫైట్లకు చిరునామా లేకపోవడం మీద.

రెడ్ స్కల్ పాత్ర తేలిపోయిందన్న మాటకు మూలమూ ఇదే. హ్యూగో వీవింగ్ నటనలో లోటు లేదు, మేకప్‌లోనూ లేదు. అతనూ ఆ సీరం ఎక్కించుకున్నవాడే. అది మంచివాణ్ని మరింత మంచిగా, చెడ్డవాణ్ని మరింత చెడ్డగా చేస్తుందని ఎర్స్‌కిన్ చెప్పినప్పుడు ఇద్దరూ ఒకే నాణేనికి రెండు ముఖాలన్న ఆశ పుడుతుంది. తర్వాత ఆ ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకునేది చాలా తక్కువ.

చరిత్ర తెలిసిన ప్రేక్షకులు లేవనెత్తే అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. స్టీవ్ దళంలో నల్లజాతి సైనికుడు గేబ్ జోన్స్, జపనీస్ మూలాలున్న జిమ్ మొరిటా తెల్లవాళ్లతో భుజం కలిపి పోరాడతారు. వాస్తవంలో అమెరికా సైన్యం అప్పుడు జాతులవారీగా విడిపోయి ఉండేది. ఆ విభజనను రద్దు చేస్తూ ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జులై 26న. మొరిటాను ఒకడు అనుమానంగా చూస్తే తనది ఫ్రెస్నో అని విసుగ్గా జవాబిస్తాడు. థియేటర్లో నవ్వులు పూసిన డైలాగది. కానీ 1942లో జపనీస్ అమెరికన్లను శిబిరాలకు తరలించే ముందు నిర్బంధించిన స్థలాల్లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో సంత మైదానం ఒకటి. అది తెలిసినవాళ్లకు ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. సినిమా ఆ సంగతి ఎత్తదు. కామిక్ ఊహాలోకంలో ఇలాంటి స్వేచ్ఛ తప్పులేదని వాదించొచ్చు. అయితే 4-ఎఫ్ ముద్రను, బాండ్ల ధోరణిని అంత శ్రద్ధగా వాడుకున్న సినిమా దీన్ని ఒక్క జోకుతో దాటేయడం మాత్రం అన్యాయమే. స్టీవ్ మనసుపడే బ్రిటిష్ ఏజెంటు పెగ్గీ కార్టర్, ఒక మహిళ, రంగంలోకి దిగడం నమ్మశక్యంగా లేదన్న ఫిర్యాదుకు మాత్రం బలం లేదు. 1940లో ఏర్పడ్డ బ్రిటిష్ రహస్య సంస్థ ఎస్ఓఈ మహిళా ఏజెంట్లను ఆక్రమిత ఫ్రాన్స్‌లోకి పంపింది.

రూపం విషయంలో ప్రశంసలే ఎక్కువ. బ్రూక్లిన్ వీధులుగా కనిపించేవి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్, లివర్‌పూల్ వీధులు. అక్కడి పాత ఇటుక గోడౌన్లు అచ్చం ఆనాటి న్యూయార్క్‌లా కనిపిస్తాయి. దుస్తులు చూసిన ఆనా షెపర్డ్‌కు అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా ఉన్న సినిమాల అనుభవం ఉంది. జాన్‌స్టన్ కూడా 1938 నాటి కథతో ‘ది రాకెటీర్’ తీసినవాడే. తిట్లు తగిలింది త్రీడీకి. సినిమాను మామూలుగా తీసి తర్వాత త్రీడీలోకి మార్చారు. త్రీడీ అద్దాలు తెర వెలుతురులో చాలా భాగం మింగేస్తాయి. ముందే మట్టిరంగులో, నీడల్లో తీసిన కర్మాగారం దృశ్యాలు ఆ అద్దాల్లోంచి బురదలా కనిపించాయి. ‘ఏం జరుగుతుందో కనబడలేదు’ అన్న 2011 నాటి ఫిర్యాదుల్లో కొంత వాటా దర్శకుడిది కాదు, ప్రొజెక్టరుది. టూడీలో చూస్తే ఆ సమస్య లేదు.

ఈ కొలబద్ద ఇతర సినిమాలకూ పనికొస్తుందా? 2017 నాటి ‘వండర్ ఉమన్’ తీసుకుంటే, కామిక్స్‌లో 1941లో పుట్టిన ఈ కథానాయికను ప్యాటీ జెంకిన్స్ 1918కి మార్చింది. కందకంలోంచి నిచ్చెనెక్కి తూటాల మధ్యకు నడిచే దృశ్యం ఎలివేషన్‌లకే ఎలివేషన్. దాని బలం ఆ యుద్ధానిదే. నెలల తరబడి రెండు పక్షాలూ అడుగు కదపలేని ప్రతిష్టంభన మొదటి ప్రపంచ యుద్ధానికే ప్రత్యేకం. అందుకే ఆమె వేసిన ప్రతి అడుగుకీ విలువ వచ్చింది. చివర్లో దేవుడితో జరిగే గ్రాఫిక్స్ పోరాటం వచ్చేసరికి 1918 గాలికి పోయింది, ఫిర్యాదులన్నీ సరిగ్గా అక్కడే కుప్పపడ్డాయి. ‘ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్’ కథ 1962 నాటిది. అందులో క్లైమాక్సే క్యూబా క్షిపణుల సంక్షోభం. రెండు నౌకాదళాలు ఎదురెదురుగా నిలబడకపోతే ఆ ముగింపే లేదు. కాబట్టి అక్కడ క్లైమాక్స్‌కు పెద్దగా దెబ్బ తగల్లేదు.

‘ది ఫస్ట్ అవెంజర్’కు మళ్లీ ప్రాణం పోసింది చివరి ఐదు నిమిషాలు. యుద్ధం చివర్లో విమానంతో సహా మంచులో కూరుకుపోయిన స్టీవ్ కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి గది, రేడియోలో బేస్‌బాల్ వ్యాఖ్యానం. అంతా 1945లాగే అమర్చారు. కానీ ఆ ఆట 1941 మే నాటిది, తాను స్టేడియంలో కూర్చుని చూసినది. గోడలు బద్దలుకొట్టుకుని బయటపడితే ఈకాలపు న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్. ఇక్కడ కాలం మళ్లీ కథలో పనిచేసింది, ఈసారి పోగొట్టుకున్న వస్తువుగా. పెగ్గీతో అనుకున్న డాన్సుకు డెబ్బై ఏళ్లు ఆలస్యమైంది. 2011లో దీన్ని కొందరు ‘తర్వాతి సినిమాకు ట్రైలర్’ అని చప్పరించేశారు. ఆ తర్వాత ‘ది వింటర్ సోల్జర్’లో బకీ తిరిగొచ్చాడు, 2015లో పెగ్గీకి సొంత సిరీస్ దక్కింది, 2019 ఏప్రిల్‌లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ఆ డాన్సు బాకీ తీర్చింది. ఆ పైన ఈ సినిమాను మళ్లీ చూసినవాళ్ల మాట మెత్తబడింది.

అందుకే దీని గురించి ఎవరి అభిప్రాయమైనా చదివేటప్పుడు అది ఏ ఏడాది రాసిందో చూడాలి. వాళ్లు సినిమాలను విడుదలైన వరసలో చూశారా, కథాకాలం వరసలో దీనితోనే మొదలుపెట్టారా అన్నదీ చూసుకోవాలి. దీనితోనే మొదలుపెడితే టెసరాక్ట్ పరిచయం అర్థంలేని హడావుడిలా ఉంటుంది, చివరి షాట్ మాత్రం బాగా తగులుతుంది. విడుదల వరసలో వస్తే ఈ రెండూ తారుమారవుతాయి. రైలు దృశ్యాన్నే చూడండి. బకీ లోయలోకి జారిపోయే ఆ ఘట్టం పట్టుమని కొన్ని నిమిషాలు. 2011లో ‘చావు తాకలేదు, ఆ స్నేహాన్ని సరిగా చూపించనేలేదు’ అన్నారు. ఇప్పుడు అదే దృశ్యానికి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. మధ్యలో ఒక్క ఫ్రేము మారలేదు. ఆ కన్నీళ్లు తర్వాతి సినిమాలు సంపాదించిపెట్టినవి. ఈ దృశ్యాన్ని దీని సొంత బలం మీదే తూచాలంటే 2011 నాటి మాటకే మొగ్గు.